గోడకు బిగించిన పటం: డిస్టోపియా నవలల్లో పూర్వసూచన

జార్జ్ ఆర్వెల్ రాసిన '1984' ఒక డిస్టోపియా నవల, అంటే మనిషిని అణచివేసే పీడకల లాంటి సమాజాన్ని ఊహించి రాసిన కథ. దాని మొదటి భాగం చివర్న, దేశాన్ని ఏలే పార్టీలో ఉద్యోగి అయిన విన్‌స్టన్ స్మిత్ లండన్ పేదల వాడలోని ఒక పాత సామాన్ల కొట్టులో అడుగుపెడతాడు. కొట్టు యజమాని చారింగ్టన్ మర్యాదస్తుడు, నెమ్మదస్తుడు. ఆయన విన్‌స్టన్‌ను మేడమీది గదికి తీసుకువెళ్లి చూపిస్తాడు. పెద్ద మంచం, చలిమంట గూడు, వాలుకుర్చీ, పన్నెండు అంకెల పాతకాలపు గడియారం ఉన్న ఆ గదిలో, పార్టీ సభ్యుల ఇళ్లలో ఉండి తీరవలసిన, మనుషుల్ని చూస్తూ వాళ్ల మాటలు వినే టెలిస్క్రీన్ అనే తెర మాత్రం కనిపించదు. గోడమీద ఒక చర్చి బొమ్మ ఉన్న పటం ఉంటుంది. విన్‌స్టన్ దగ్గరకు వెళ్లి దాన్ని పరిశీలిస్తుంటే, ఫ్రేము గోడకు బిగించి ఉందనీ, కావాలంటే మరలు విప్పి ఇస్తాననీ ముసలాయన అంటాడు. విన్‌స్టన్ దాన్ని కొనడు. మాట వేరే విషయం మీదకు మళ్లిపోతుంది.

మొదటిసారి చదివేటప్పుడు ఈ మాట దగ్గర ఎవరూ ఆగరు. ఇంట్లో పటాన్ని మేకుకు తగిలిస్తాం గానీ మరలు పెట్టి గోడకు బిగించం కదా అన్న ప్రశ్న, నవల పూర్తిచేసి మళ్లీ మొదటి నుంచి చదివినవారికే తడుతుంది. ఆ పటం వెనక టెలిస్క్రీన్ దాగి ఉంది. విన్‌స్టన్, అతని ప్రియురాలు జూలియా ఆ గదిలో చెప్పుకోబోయే ప్రతి మాటా దాని చెవిన పడబోతోంది. రెండో భాగం చివర, పోలీసులు చుట్టుముట్టినప్పుడు, పటం వెనక నుంచి గొంతు వినిపిస్తే గానీ వాళ్లిద్దరికీ ఆ సంగతి తెలియదు. పాఠకుడికి మాత్రం అంతకు ఎన్నో అధ్యాయాల ముందే ఆ సంగతి సూటిగా చెప్పేశారు.

జరగబోయేదాన్ని ఇలా ముందుగానే, అప్పటికి అర్థం కానంత మామూలుగా, కథలో నాటిపెట్టడాన్ని పూర్వసూచన అంటాం. మనకిది కొత్త విషయం కాదు. మన నాటక లక్షణకారులు కథకు మూలమైన చిన్న అంశాన్ని బీజం అన్నారు. ఒక సందర్భంలో పలికిన మాట, అనుకోకుండా, రాబోయే మరో సందర్భాన్ని పట్టి చూపిస్తే దాన్ని పతాకాస్థానకం అన్నారు. దీనికి తరచుగా ఉదహరించే ఘట్టం భవభూతి 'ఉత్తరరామచరితం' మొదటి అంకంలో ఉంది. నిద్రపోతున్న సీతను చూస్తూ, ఈమెలో నాకు ప్రియం కానిదేముంది, ఒక్క విరహం తప్ప, అది మాత్రం సహించలేనిది అని రాముడు అంటాడు. ఆ మాట ముగిసీ ముగియకముందే ప్రతీహారి, అంటే ద్వారపాలిక, లోపలికి వచ్చి "దేవా, వచ్చింది" అన్నంత అర్థం వచ్చేలా "ఉపస్థితః" అంటుంది. ఆమె చెప్పదలచుకున్నది దుర్ముఖుడు అనే చారుడు వచ్చాడని. ప్రేక్షకుడికి వినిపించేది విరహం వచ్చిందని. దుర్ముఖుడు మోసుకొచ్చిన లోకనింద వల్లనే సీత అడవుల పాలవుతుంది.

భవభూతి ఘట్టంలో ఆ రెండు మాటలను పక్కపక్కన చేర్చింది కవి. కథలోపల ఉన్నవారెవరూ ఆ పొందికను ఉద్దేశించి చేయలేదు. రాముడికీ తెలియదు, ప్రతీహారికీ తెలియదు. ఆర్వెల్ నవలలో ఆ పటాన్ని గోడకు బిగించింది ఎవరు? రచయిత అని చెప్పవచ్చు. కానీ కథలోపల కూడా దాన్ని ఒకరు బిగించారు, ఒక ప్రయోజనం కోసం, ఏం జరగబోతోందో తెలిసే బిగించారు. ఈ తేడాయే నా దృష్టిలో డిస్టోపియా కథల్లో పూర్వసూచనను మిగతా సాహిత్యం నుంచి వేరు చేస్తుంది. మామూలు కథలో ముగింపు ముందుగా తెలిసినవాడు రచయిత ఒక్కడే. సర్వాధికార రాజ్యం గురించిన కథలో రాజ్యానికి కూడా ముగింపు తెలుసు.

ఇక్కడ ఒక అయోమయాన్ని తొలగించాలి. డిస్టోపియా అనగానే చాలామంది జోస్యం అనే అర్థంలో మాట్లాడతారు. 1949లో వచ్చిన పుస్తకం నేటి నిఘా కెమెరాలను ముందే ఊహించిందా లేదా అన్న చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అది పుస్తకానికీ బయటి ప్రపంచానికీ మధ్య ఉన్న సంబంధం. పూర్వసూచన పుస్తకం లోపలి పేజీలకూ పేజీలకూ మధ్య ఉన్న సంబంధం. జోస్యం ఫలించకపోయినా నవల చెడిపోదు. సూచన ఫలించకపోతే మాత్రం, పటం వెనక ఏమీ లేకపోతే మాత్రం, ఆ వాక్యం వృథా అవుతుంది. ఈ రెంటినీ కలిపేయడం వల్ల ఆర్వెల్ ఎంత గొప్ప దార్శనికుడో చెప్పుకుంటూ, ఎంత గొప్ప పనివాడో గమనించకుండా వదిలేస్తున్నామని నాకు అనిపిస్తుంది.

ఆ పనితనంలో మొదట చూడవలసింది, బహిరంగంగా చెప్పిన సూచనకూ దాచిన సూచనకూ మధ్య ఆయన నడిపిన వ్యవహారం. '1984'లో కథానాయకుడు పట్టుబడతాడన్నది రహస్యమే కాదు. డైరీ మొదలుపెట్టిన రోజే విన్‌స్టన్ తన చావు రాసుకుంటాడు. వాళ్లు నన్ను వెనక నుంచి మెడలో కాలుస్తారు, కాల్చనీ అన్న ధోరణిలో ఆ పేజీ నిండిపోతుంది. ఆలోచన నేరానికి శిక్ష మరణం కాదు, ఆలోచన నేరమే మరణం అని కూడా అతను రాసుకుంటాడు. సాధారణ ఉత్కంఠ కథ దాచుకునే విషయాన్ని ఈ నవల మొదటి అధ్యాయాల్లోనే బల్లమీద పెట్టేస్తుంది. దాంతో పాఠకుడు, ఇతను చస్తాడు, ఎప్పుడు ఎలా అన్నదే మిగిలింది అని నిర్ధారించుకుని, ఆ ఒక్క ప్రశ్న మీదే చూపు నిలుపుతాడు. అలా నిలపడమే రచయితకు కావలసింది. ఎందుకంటే అసలు ప్రమాదం చావు కాదు. జూలియా ఒకచోట ధైర్యంగా అంటుంది: వాళ్లు మనచేత ఏమైనా చెప్పించగలరు, కానీ నమ్మించలేరు, మన లోపలికి రాలేరు అని. విన్‌స్టన్ ఆ మాటను ఊరటగా పట్టుకుంటాడు. పాఠకుడు కూడా పట్టుకుంటాడు. నవల చివరి పేజీల్లో, బతికే ఉన్న విన్‌స్టన్, పార్టీ అధినేత బిగ్ బ్రదర్‌ను మనస్ఫూర్తిగా ప్రేమించే స్థితికి చేరినప్పుడు, జూలియా మాట ఊరట కాదనీ, ఏం జరగబోతోందో తిరగేసి చెప్పిన వాక్యమనీ తెలుస్తుంది. చావు గురించిన సూచనను గట్టిగా వినిపించి, చావుకంటే ఘోరమైనదాని సూచనను ఆ చప్పుడు కింద దాచారు.

మేడమీది గదికి తిరిగి వెళదాం. ఈ నవలలో సూచనలు అన్నిటికంటే దట్టంగా పరుచుకున్న చోటు అదే.

చారింగ్టన్ రూపాన్ని వర్ణిస్తూ ఆర్వెల్ ఆయన జుట్టు దాదాపు తెల్లబడిందనీ, గుబురు కనుబొమలు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయనీ రాస్తారు. ఆయన ఉచ్చారణ ఆ పేటలో మిగతావారి మాటతీరుకంటే కాస్త నాగరికంగా ఉందని కూడా చెబుతారు. చదువుతున్నప్పుడు ఇవి ఒక మనిషిని కళ్లకు కట్టించే ముచ్చటైన వివరాలు. పుస్తకాలు, పాత వస్తువులు ఇష్టపడే పెద్దమనిషి అలాగే ఉంటాడనుకుంటాం. అరెస్టు సమయంలో అదే మనిషి గదిలోకి వచ్చేసరికి జుట్టు నల్లగా ఉంటుంది, వయసు ముప్పై అయిదు దాటదు, పేటవాసుల యాస మాటల్లోంచి మాయమైపోతుంది. ఆయన ఆలోచన నేరాలను పట్టే థాట్ పోలీసు. తెల్లజుట్టూ నల్ల కనుబొమలూ ముసలితనం కాదు, వేషం.

ఇక పాట ఉంది. ఆ పటంలోని చర్చి పేరు చెబుతూ చారింగ్టన్ ఒక పాత పిల్లల పాట గుర్తుచేసుకుంటాడు. లండన్ చర్చి గంటలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు సాగే పాట అది. నారింజలు, నిమ్మకాయలు అంటూ తీయగా మొదలవుతుంది. మధ్య చరణాలు గుర్తులేవు గానీ చివరి చరణం మాత్రం తెలుసు అంటాడాయన. నిన్ను పడకకు తీసుకెళ్లడానికి కొవ్వొత్తి వస్తోంది, నీ తల నరకడానికి కత్తి వస్తోంది అని దాని భావం. పిల్లలు చేతులు ఎత్తి పట్టుకుని కింద నుంచి ఒక్కొక్కరినీ దాటనిచ్చే ఆట అదనీ, కత్తి అన్న మాట రాగానే చేతులు దించి కింద ఉన్నవాణ్ణి పట్టేస్తారనీ కూడా వివరిస్తాడు. తన ఉచ్చు ఎలా పనిచేస్తుందో వేటగాడే పిల్లల ఆటగా వివరిస్తున్న సన్నివేశమిది. విన్‌స్టన్ దాన్ని పోయిన కాలపు ముచ్చటగా వింటాడు.

ఆ తరువాత విన్‌స్టన్ ఆ పాటలో పోయిన ముక్కల కోసం వెతకడం మొదలుపెడతాడు. జూలియాకు తాతయ్య నేర్పిన ఒక చరణం గుర్తుంది. పార్టీ పైస్థాయి అధికారి ఓబ్రయన్ రహస్య తిరుగుబాటుదారుడని నమ్మి అతని ఇంటికి వెళ్లినప్పుడు, విన్‌స్టన్ ఆయన్ను కూడా ఈ పాట గురించే అడుగుతాడు. ఓబ్రయన్ గంభీరంగా ఆ చరణం పూర్తిచేస్తాడు. "మీకు చివరి పాదం తెలుసు!" అని విన్‌స్టన్ సంతోషపడతాడు. "అవును, నాకు చివరి పాదం తెలుసు" అంటాడు ఓబ్రయన్. ఒక్క వాక్యంలో ఇంత భారం మోయించిన సందర్భాలు నవలా సాహిత్యంలో తక్కువ. పాట చివరి పాదమే కాదు, ఈ కథ చివరి పాదం కూడా ఆయనకు తెలుసు. అరెస్టు రోజున పటం వెనక నుంచి వినిపించిన గొంతుల్లో ఒకటి కొవ్వొత్తి, కత్తి ఉన్న ఆ చరణాన్నే చదువుతుంది. అలా పాట పూర్తవుతుంది.

ఎలుక సంగతి కూడా ఆ గదిలోనే మొదలవుతుంది. గోడ అడుగున చెక్కపలక సందులోంచి ఎలుక ముట్టె బయటపెడితే జూలియా చెప్పు విసురుతుంది. విన్‌స్టన్ ముఖం పాలిపోతుంది. లోకంలో అన్నిటికంటే భయంకరమైనది ఎలుకేనన్నట్టు మాట్లాడతాడు. చీకటి గోడ ముందు నిలబడి, దాని అవతల ఉన్నదేమిటో తెలిసి కూడా తెలియనట్టు నటించే పాత పీడకల అతనికి అప్పుడు గుర్తొస్తుంది. జూలియాతో మాత్రం, ఏమీ లేదు, నాకు ఎలుకలంటే పడదు, అంతే అంటాడు. మూడో భాగంలో 101వ నంబరు గదిలో ఓబ్రయన్ ఎలుకల పంజరాన్ని ముందు పెట్టి, నీ కలలో ఆ చీకటి గోడ అవతల ఉన్నవి ఇవే అంటాడు. ఎలుకల భయం టెలిస్క్రీన్ విని ఉంటుంది, సరే. మరి కల? అది విన్‌స్టన్ బయటకు చెప్పలేదు, కథకుడు మనకు మాత్రమే చెప్పాడు. విచారణలో రాబట్టారని సమాధానం చెప్పుకోవచ్చు. అయినా చదువుతున్నప్పుడు కలిగే వణుకు వేరు. మనకూ రచయితకూ మధ్య మాత్రమే ఉందనుకున్న మాట ఓబ్రయన్ నోట వినిపిస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. ఏడేళ్ల క్రితం విన్‌స్టన్‌కు ఒక కల వచ్చింది. చీకటి లేని చోట మనం కలుసుకుందాం అని ఎవరో అన్నారు. ఆ గొంతు ఓబ్రయన్‌దని అతను నమ్మాడు. చీకటి లేని చోటు అంటే స్వేచ్ఛ, భవిష్యత్తు అని అతనూ అనుకున్నాడు, మనమూ అనుకున్నాం. జైలు గదిలో దీపాలు రాత్రింబవళ్లు ఆర్పరని తెలిసినప్పుడు ఆ వాక్యం అర్థం మారిపోతుంది. మారింది అర్థమే. అక్షరం కూడా మారలేదు. తరువాత చిత్రహింసల మధ్య, ఏడేళ్లుగా నిన్ను కనిపెట్టుకుని ఉన్నాను అన్న మాట విన్‌స్టన్ చెవిన పడుతుంది. డైరీని ఎవరైనా ముట్టుకున్నారో లేదో తెలుసుకోవడానికి అతను దానిమీద పెట్టిన తెల్లని ధూళి రేణువును సైతం వాళ్లు తీసి, చదివి, మళ్లీ అదేచోట జాగ్రత్తగా పెట్టారు. రచయిత సూచనలు నాటినంత శ్రద్ధగా ఈ రాజ్యం కూడా తన సూచనలను నాటుతుంది. విన్‌స్టన్ తిరుగుబాటు అనుకున్నదంతా ముందే రాసిపెట్టిన కథగా తేలడంలో ఉన్న ఊపిరాడనితనం, ఏ కొరడా దెబ్బ వర్ణనకంటే ఎక్కువగా ఈ పొందిక నుంచే పుడుతుంది.

అన్ని సూచనలూ నిజం కావని కూడా చెప్పాలి. మొదట్లో జూలియా వెంటపడుతున్న గూఢచారిణిలా కనిపిస్తుంది. నడుముకు ఎర్రని పట్టీ కట్టుకుని తిరిగే ఆ పిల్లను చంపేయాలని కూడా విన్‌స్టన్ ఆలోచిస్తాడు. ఆ అనుమానం తప్పని తేలాక అతనికి తన అనుమానాల మీదే నమ్మకం సడలుతుంది, మనకు కూడా. ఒక తప్పుడు సూచన చేసే అసలు పని అది. అవసరమైన చోట అనుమానించకుండా చేస్తుంది. జూలియాను శంకించి సిగ్గుపడినవాడు చారింగ్టన్‌ను శంకించడు. పొరుగింటి పార్సన్స్ పిల్లలు బొమ్మ తుపాకీతో విన్‌స్టన్‌ను ద్రోహీ అని బెదిరించే ఆట, తరువాత ఆ ఇంటి కూతురే తండ్రిని పట్టివ్వడం అన్నది మాత్రం సూటైన, తేలికైన సూచన. దానిలో పెద్ద రహస్యం లేదు.

మిగతా రచయితలు ఈ పనిని తమ తమ దారుల్లో చేశారు. రే బ్రాడ్‌బరీ 1953 నాటి 'ఫారన్‌హీట్ 451'లో, పుస్తకాలు తగలబెట్టే ఉద్యోగి ఇంటికి వచ్చి గాలిగూడు వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంటాడు. అక్కడ ఏదో దాగి ఉందని మాత్రం చెప్పి రచయిత ముందుకు వెళ్లిపోతాడు. ఆ చూపుతో మనకు తెలిసేది జరగబోయేది కాదు, అప్పటికే జరిగిపోయింది. కజువో ఇషిగురో 2005 నాటి 'నెవర్ లెట్ మీ గో'లో కథ చెప్పే యువతి మొదటి పేరాలోనే తాను సంరక్షకురాలినని చెప్పుకుంటుంది. దానాలు, దాతలు, ముగించడం లాంటి మెత్తని మాటలు వాడుతుంది. ఆ మాటలు మొదటి నుంచీ నిజమే చెబుతున్నాయి. అవయవాల కోసం పెంచిన మనుషుల గురించి మాట్లాడుతోందని గ్రహించడానికి పాఠకుడికి సమయం పడుతుంది, అంతే.

మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో ప్రచురించిన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పిల్లల్ని కనడం కోసం ఒక అధికారి ఇంట్లో ఉంచిన స్త్రీ తన గదిని మనకు పరిచయం చేస్తుంది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక దీపం. తెల్లని పైకప్పులో పూలదండ ఆకారపు నగిషీ, దాని నడుమ సున్నంతో పూడ్చేసిన ఖాళీ. ముఖంలోంచి కన్ను తీసేసినచోటులా ఉందంటుందామె. ఒకప్పుడు అక్కడ గాజు దీపాల గుత్తి వేలాడి ఉంటుందనీ, తాడు కట్టడానికి వీలయ్యేవన్నీ వాళ్లు తీసేశారనీ అంటుంది. అది ఆ వ్యవస్థ తీసుకున్న మామూలు జాగ్రత్తగా వినిపిస్తుంది. చాలా తరువాత అధికారే చెబుతాడు: ఆమెకు ముందు ఆ గదిలో ఉన్న స్త్రీ ఉరివేసుకుందని, అందుకే దీపం తీయించారని. మనం రోజూ ఆమెతోపాటు తలెత్తి చూసిన సున్నపు మచ్చ ఒక మనిషి చావు. అంతకుముందు ఎన్ని పేజీల్లో ఆ పైకప్పు వచ్చిందో లెక్కపెట్టుకుంటే, ఆ ఇంట్లోవారిలాగే మనమూ దానికి అలవాటుపడ్డామని తెలుస్తుంది. డిస్టోపియాలో సూచన పనిచేసేది ఈ అలవాటు మీదే. గుర్తును దాచనక్కరలేదు. కళ్లెదుట ఉంచి, రెండుమూడుసార్లు చూపించి, గదిలో సామానుగా మార్చేస్తే చాలు.

ఈ సూచనలు మాటల్లోనే బతుకుతాయి కాబట్టి భాష మారినప్పుడు వాటికి ఏమవుతుందన్నది తెలుగు పాఠకులకు నిజమైన ప్రశ్న. చర్చి పటాన్ని చూసి జూలియా, దీని వెనక నల్లులు చేరి ఉంటాయి, ఒకరోజు తీసి శుభ్రం చేయాలి అంటుంది. ఇంగ్లీషులో ఆమె వాడిన 'బగ్స్' అన్న మాటకు చాటుగా మాటలు వినే యంత్రాలనే అర్థం కూడా ఉంది. తెలుగులో నల్లులు నల్లులుగానే మిగులుతాయి. అనువాదకుడు ఎంత సమర్థుడైనా అది పోతుంది.

ఇంకొక సూచన పోకుండా కాపాడుకోవచ్చు, కాస్త జాగ్రత్తపడితే. '1984' మొదటి అధ్యాయంలోనే అడుగున ఒక చిన్న వివరణ ఉంది. న్యూస్పీక్ ఓషియానియా దేశపు అధికార భాష అనీ, దాని నిర్మాణం కోసం అనుబంధం చూడమనీ చెప్పే రెండు వాక్యాలు. నవల ముగిశాక వచ్చే ఆ అనుబంధం ఒక పండిత వ్యాసంలా, పూర్తిగా భూతకాలంలో, న్యూస్పీక్‌లో కాక మామూలు ఇంగ్లీషులో సాగుతుంది. ఆ భాష 2050 నాటికి పూర్తిగా అమలు కావలసి ఉండేదని చెబుతుంది. అంటే ఈ వ్యాసం రాసినవాడు ఆ రాజ్యం కూలిన తరువాతి వాడని కొందరు చదివారు, ఆట్‌వుడ్ కూడా అలాగే చదివారు. అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఆ చదువు సబబుగానే తోస్తుంది. ఎందుకంటే కథలోపల పార్టీ నాటని సూచన ఇది ఒక్కటే. ఓబ్రయన్‌కు తెలియని చివరి పాదం ఇక్కడ ఉంది. అమెరికాలో ఒక పెద్ద పుస్తక సంఘం తన సభ్యుల కోసం ఈ అనుబంధాన్నీ, మధ్యలో వచ్చే నిషిద్ధ గ్రంథ భాగాలనూ తొలగించాలని కోరినప్పుడు, క్షయతో మంచాన పడి ఉన్న ఆర్వెల్, రావలసిన డబ్బు పోయినా సరేనని నిరాకరించారు.

ఆ మొదటి అధ్యాయపు వివరణలో ఇంగ్లీషు క్రియ భూతకాలంలో ఉంది. తెలుగులో ఆ వాక్యానికి అసలు క్రియే అక్కరలేదు. "న్యూస్పీక్ ఓషియానియా అధికార భాష" అంటే చక్కని తెలుగు వాక్యం, ఏ కాలానికీ చెందని వాక్యం. అలా రాస్తే ఏ తప్పూ కనపడదు, సూచన మాత్రం నిశ్శబ్దంగా చచ్చిపోతుంది. "న్యూస్పీక్ ఓషియానియాకు అధికార భాషగా ఉండేది" అని రాయాలి.